వంటింటి నడుమ పొయ్యి

ఎఫీ రైడౌట్‌ను మా తీరపు ఊరు గన్నర్స్ టికిల్‌లో చిన్నా పెద్దా అందరూ ఎఫీ అత్త అనే పిలుస్తారు. చేపల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు కత్తి పట్టిన మనిషి. సముద్రంలో కాడ్ చేప తరిగిపోయి ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ చేతులే గొడ్డలి పట్టాయి. డెబ్బై దాటినా అడవిలోంచి మంచుబండి మీద తన కట్టెలు తనే తెచ్చుకునేది.

ఆ కట్టెలన్నీ తినే పొయ్యిని ఆమె భర్త హేవార్డ్ చేశాడు. రాళ్లకు కొట్టుకుని విరిగిన ఓడ ఇనుపరేకులు కోసి, వెల్డింగ్ చేసి, తలుపు మీద సముద్రపు పిట్ట బొమ్మ ఒకటి అతికించాడు. అది అచ్చం కోడిలా ఉందని ఆయన బతికున్నన్నాళ్లూ ఆమె వెక్కిరించింది. ఆయన పోయి ఆరేళ్లయినా రోజూ ఆ పిట్టను గుడ్డతో తుడిచేది.

నేను పట్నంలో బీమా ఆఫీసులో పని చేస్తాను. కట్టెల పొయ్యి ఉన్న ప్రతి ఇంటికీ తనిఖీ కాగితం ఉండాలని, లేకపోతే ఇంటి బీమా కొనసాగదని ఆ సెప్టెంబరులో కంపెనీ ఉత్తరాలు పంపింది. ఎఫీ అత్తకు పంపాల్సిన ఉత్తరాన్ని తపాలాలో వేస్తే అది నేరుగా పొయ్యిలోకే పోతుందని నాకు తెలుసు. అందుకే స్వయంగా పట్టుకెళ్లాను.

"ఏం కావాలట మీవాళ్లకి?"

"పొయ్యిని పరీక్ష చేసినట్టు దాని మీద ముద్ర ఉండాలట, అత్తా."

"ఉందిగా, ఆ కోడి."

"అది చెల్లదు. ముద్ర లేని పొయ్యయితే చుట్టూ గోడలకి నాలుగేసి అడుగుల దూరం ఉండాలి. కింద ఇటుకలు పరవాలి, పొగగొట్టం ఏటా తుడిపించాలి. పైన ఆ మేజోళ్ల తాడు కూడా తీసెయ్యాలి."

"తీసేసి? మేజోళ్లు నీ నెత్తిన ఆరేసుకోనా?"

"ముద్ర ఉన్న కొత్త పొయ్యి కొనుక్కుంటే గోడ దగ్గరే పెట్టుకోవచ్చు కదా, అత్తా."

ఆమె మొహం ముడుచుకుపోయింది. "ఆయన చేసింది బయట పారేసి కొట్లో డబ్బా తెచ్చుకోమంటావా? రొట్టె పెడతా, తిని వెళ్లు. ఆ మాట మాత్రం మళ్లీ అనకు."

వారం తిరక్కుండా ఫోను చేసింది. "పిల్లా, మా వంటిల్లు వెడల్పు పదిన్నర అడుగులు. పొయ్యి రెండున్నర. లెక్క చూడు."

"నాలుగూ నాలుగూ ఎనిమిది... అత్తా, నడిమధ్యన పెడతావా ఏంటి?"

"పెడతా. మీ కంపెనీ ఏడవనీ."

అన్నంత పనీ చేసింది. పక్కింటి గస్ పైక్ కప్పుకు కంత కోసి కొత్త గొట్టం నిటారుగా దింపాడు. భోజనాల బల్ల ముందుగదిలోకి పోయింది. పొయ్యి మాత్రం వంటింటి మధ్యలో ఇటుకల మీద కొలువుదీరింది.

"ఇక నీ ఇంట్లో డాన్సాడాలంటే పొయ్యికి ప్రదక్షిణం చెయ్యాలి, అత్తా," అన్నాడు గస్.

"చెయ్యి. ఎలాగూ నీ కాళ్లు ఎటు పోతాయో నీకే తెలీదు."

తనిఖీకి క్లైడ్ నోస్‌వర్తీ వచ్చాడు. మాట తక్కువ, కొలత ఎక్కువ. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. దక్షిణపు గోడకు సరిపోయింది. ఉత్తరపు గోడకు, అంటే ఇదివరకు పొయ్యి ఆనుకున్నట్టే ఉండే గోడకు, టేపు రెండుసార్లు పట్టి చూశాడు.

"అర అంగుళం తక్కువుంది, అత్తా."

"అర అంగుళమా! నువ్వు కాస్త ఊపిరి బిగబట్టి కొలువు నాయనా, సరిపోతుంది."

"నా ఊపిరికీ టేపుకీ సంబంధం లేదు."

ఎఫీ అత్త గోడ వైపు చూసింది. "ఆ చెక్కపలక మందమే అర అంగుళం. పీకేస్తే?"

"పీకితే కొలత కుదురుతుంది."

మేకులు పీకే కమ్మీ తెచ్చి తనే పలక సందులో దూర్చింది. ఫెళ్లుమని పలక ఊడి వచ్చింది. వెనకున్న నిలువు దుంగలు నేల నుంచి నడుమెత్తు దాకా బొగ్గులా నల్లగా ఉన్నాయి. క్లైడ్ వేలితో తాకితే పొడి రాలింది.

"ఏళ్ల తరబడి వేడి తగిలి లోలోపలే మాడింది," అన్నాడతను నెమ్మదిగా. "ఇలా మాడిన చెక్క అంటుకోడానికి పెద్ద వేడి అక్కర్లేదు, అత్తా. ఇంకో చలికాలం ఆగేదో లేదో చెప్పలేను."

ఆమె కుర్చీలో కూలబడింది. "ఆ గోడ అవతలే మా మంచం."

నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"ఆయన రోజూ ఈ గోడ మీద చెయ్యేసి చూసేవాడు," అంది. "'కాస్త వెచ్చగా ఉందంతేనే ఎఫీ' అనేవాడు. తెలిసుంటే నన్ను భుజానేసుకుని బయటికి పరిగెత్తేవాడు, పిచ్చి మారాజు." కళ్లు తుడుచుకుని లేచింది. "టీ తాగుతావా క్లైడూ?"

గస్ మాడిన దుంగలు తీసి కొత్తవి వేశాడు. క్లైడ్ మళ్లీ వచ్చి కొలిచి సంతకం పెట్టాడు. ఆ కాగితం నేనే కంపెనీకి పంపాను.

ఎఫీ అత్త ఇంతటితో ఊరుకునే మనిషి కాదుగా! ఆ కమ్మీ పట్టుకుని కట్టెల పొయ్యి ఉన్న ప్రతి గడపా ఎక్కింది. "మీ పలక తీస్తారా, నన్ను తియ్యమంటారా?" మొదట గస్ ఇంటికే వెళ్లింది. వాళ్ల గోడ లోపల అప్పుడప్పుడే గోధుమరంగుకు తిరుగుతోంది. క్రిస్మస్ లోపల అయిదిళ్లవాళ్లు తమంతట తామే క్లైడ్‌ను పిలిపించుకున్నారు. కుర్రకారు ఆమెకు 'బీమా అత్త' అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేది కూడా.

ఆ చలికాలం ఒకసారి మా ఆఫీసుకు వచ్చి నా బల్ల మీద తను అల్లిన ఎర్ర ఉన్ని చేతితొడుగులు పెట్టింది.

"ఇవి కంపెనీకి కాదు," అంది. "వాళ్లు ఉత్తరం రాసి ఊరుకున్నారు. నువ్వు అంత దూరం నుంచి వచ్చి తిట్లు తిన్నావు. వేసుకో, బొటనవేలు సరిపోయిందో లేదో చూడాలి."