మంచినీళ్లు ముట్టని వరండా

పోయిన నెల నరసరావుపేట శివార్లలో ఒక కొత్త మిర్చి కోల్డ్ స్టోరేజీలో మాక్ డ్రిల్ పెడితే, ఫైర్ సర్వీసులో రిటైరైన మాలాంటి పాతవాళ్లను కూడా పిలిచి షామియానా కింద కూర్చోబెట్టారు. అమ్మోనియా గ్యాసు లీకైతే ఏం చెయ్యాలో కుర్రాళ్లు చేసి చూపించారు. ఒంటినిండా సూట్లు తొడుక్కుని, వీపున గాలి సిలిండర్లు తగిలించుకుని, గొట్టాలతో నీళ్లను తుంపరలుగా చిమ్ముతూ వాళ్లు లోపలికి వెళ్తుంటే నాకూ ముచ్చటేసింది. అంతలో పై అంతస్తు తలుపును ఒకమ్మాయి లోపలినుంచి చేత్తో తోసింది, అది ఇట్టే తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే మా అక్క చచ్చిపోయింది అలాంటి తలుపు వెనకే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కారంపూడి రోడ్డులో ఒక షావుకారు కోల్డ్ స్టోరేజీలో ఆమె మిర్చి టిక్కీల దగ్గర, అంటే కాయలు కుక్కిన బస్తాల దగ్గర, పనిచేసేది. మన వైపు మిరపకాయల మధ్య బతికినవాళ్లకి తెలుసు, అక్కడ తుమ్మూ దగ్గూ కళ్లమంటా రోజూ ఉండేవే, ఎవరూ లెక్కచెయ్యరు. అందుకే ఆ రోజు గ్యాసు పైపు జాయింటు ఊడి వాసన మొదలైనప్పుడు అది కూడా కాయల ఘాటే అనుకున్నారట. పక్కనున్నామె, "ఏందక్కా ఇది, ముక్కు పగిలిపోతంది" అంటే మా అక్క నవ్వి, "ఏమే, నీకు కొత్తా? కొంగు కట్టుకుని పని కానియ్" అన్నదట. ఇది ఘాటు కాదని తెలిసేసరికి గ్యాసు పైఅంతస్తంతా కమ్మేసింది. లోపలి మెట్ల దగ్గరున్నవాళ్లు కిందికి పరిగెత్తి బతికారు. ఆ చివరనున్న మా అక్క బయటి మెట్ల తలుపు వైపు పరిగెత్తింది. ఆ తలుపుకి బయట తాళం వేసి ఉంది. ఆ దారిన టిక్కీలు దొంగతనంగా దిగిపోతున్నాయని షావుకారు వేయించిన తాళం అది.

మా బండి వెళ్లేటప్పటికి జనం గాలికి ఎదురెళ్లాలో గాలివాటున పోవాలో తెలియక రోడ్డు మీద చెల్లాచెదురుగా ఉన్నారు. మావాళ్లు గోడ పొడవునా నీళ్లు కొడుతుంటే, స్టేషనులో ఉన్న ఒకే ఒక్క మంచి మాస్కు తగిలించుకుని నేను లోపలి మెట్ల మీదుగా పైకెక్కాను. అక్క తలుపు కిందే పడి ఉంది, గోళ్లు చితికిపోయి ఉన్నాయి. అప్పటికే ప్రాణం లేదు. ఆమెను కిందికి దించి మళ్లీ పైకి వెళ్తే, ఏం జరిగిందో చూద్దామని వచ్చిన షావుకారు లోపలి మెట్ల మీద స్పృహ తప్పి పడి ఉన్నాడు. ఆయన మొలతాడుకి ఆ తాళంచెవి వేలాడుతోంది. నా మాస్కు తీసి ఆయన ముఖానికి పెట్టి, దగ్గుకుంటూ మోసుకొచ్చాను. ఊరంతా నన్ను దేవుడన్నది. నిజం చెబుతున్నాను, దయతో చెయ్యలేదు. వీడు ఇక్కడే పోతే ఆ తాళం గురించి కోర్టులో ఎవర్ని అడగాలన్న కసితో చేశాను.

కోర్టులో ఆయన తాళమే లేదన్నాడు, తలుపు బిగుసుకుపోయిందన్నాడు. ఆయన దగ్గరే పని చేసుకుని బతకాల్సినవాళ్లు మాత్రం ఏం చెప్తారు, ఏమీ చూడలేదన్నారు. తాళం అప్పటికే మాయమైంది, నా మాట చచ్చిపోయినామె తమ్ముడి మాటని కేసు కొట్టేశారు. మా చిన్నాన్న కొడుకులు కత్తుల మాట ఎత్తారు గానీ నేను వద్దన్నాను. ఒక్క నిమిషంలో అయిపోయే శిక్ష నాకెందుకు?

ఆ ఏడాది నుంచి ప్రతి ఏటా అక్క తద్దినం పెట్టుకుని, తిన్నగా షావుకారు ఇంటికి వెళ్లి వరండాలో కూర్చుంటాను. పొద్దుగూకేదాకా లేవను. పగ ఉన్న ఇంట్లో మంచినీళ్లు ముట్టకూడదన్నది మన పల్నాటి పట్టింపు కదా, నేనూ ముట్టను. ప్రాణం పోసినవాణ్ణి కాబట్టి ఆయన నన్ను గెంటించలేడు. మొదట్లో దబాయించాడు, తర్వాత ఆ రోజుకి వినుకొండలో కూతురింటికి పారిపోయేవాడు, అక్కడికీ వెళ్లాను. ఆయన భార్య చెంబు పట్టుకుని, "తమ్ముడూ, చానా ఏళ్లయింది, ఒక్క గుక్క తాగయ్యా" అని ఏడిచేది. ఆవిడ మీద జాలేసేది గానీ చెంబు అందుకోలేదు.

మొన్న తద్దినం రోజు వెళ్తే ఆయన మంచంలో ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. నన్ను లోపలికి పిలిపించుకుని, మంచినీళ్ల గ్లాసు అందిస్తూ, "తాళం నేనే ఏపిచ్చానబ్బాయ్. ఒప్పుకుంటున్నా. ఇయ్యి తాగి నన్నొదిలెయ్" అన్నాడు. ఇన్నేళ్లూ నేను వినాలనుకున్న మాట అదే. విన్నాక కూడా లోపల ఏమీ చల్లబడలేదు.

ఇప్పుడు గ్యాసు వాసన మన ముక్కుకి తగలకముందే యంత్రాలు అరుస్తున్నాయి, తలుపులు తోస్తే తెరుచుకుంటున్నాయి. ఆడపిల్లలు బతికి బయటికి వస్తున్నారు, అంతకంటే కావలసిందేముంది? ఇప్పటివాళ్లకి ఇంతకాలం మోసే పగలు కూడా లేవు, అదీ మంచిదే. నేను మాత్రం ఆ గ్లాసు అలాగే మంచం పక్కన పెట్టి వచ్చేశాను. డాక్టర్లు ఎక్కువ రోజులు చెప్పలేదట. వచ్చే తద్దినం దాకా ఆయన బతికి ఉండాలని రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.