నిండా పోసిన గహ్వా

గహ్వా అనే అరబ్బు కాఫీ పోయడంలో హిదాయతుల్లాను మించినవాడు దుబాయ్‌లో లేడని ఎక్కువగా చెప్పేది హిదాయతుల్లాయే. అయినా అందులో అబద్ధం పెద్దగా లేదు. ఎడమచేతిలో దల్లా అనే ఇత్తడి కూజా, కుడిచేతిలో చెవి లేని బుల్లి కప్పులు పట్టుకుని వరసలో నడిచాడంటే చుక్క కింద పడేది కాదు.

ఆ పేరు ఊరికే రాలేదు. 2002లో ఉదయగిరి నుంచి వచ్చిన కొత్తలో ఒక అరబ్బు పెద్దాయనకు కప్పు అంచులదాకా నింపి ఇచ్చాడు. మన వైపు సగం గ్లాసు టీ ఇస్తే పిసినారి అంటారు కదా, గొప్ప మర్యాద చేశాననుకున్నాడు మనవాడు. పెద్దాయన గటగటా తాగి, మాటా పలుకూ లేకుండా లేచి వెళ్లిపోయాడు. మూడోవంతు పోస్తే 'కూర్చోండి, మాట్లాడుకుందాం' అనీ, నిండా పోస్తే 'తాగి దయచేయండి' అనీ అర్థమట. ఆ రోజు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెట్టిన చీవాట్లు అతను జన్మలో మరిచిపోలేదు.

2008 నాటికి ప్రభుత్వ అతిథిగృహంలో గహ్వా పని అతనిదే. ఆ వేసవిలో ఒక దేశం వాళ్లు అణువిద్యుత్తు గురించి చర్చలకు వచ్చారు. సత్వాలో అతనితో ఒకే గదిలో ఉంటూ, ఆ అతిథులకే కారు నడిపే జానీ బాషా సంగతంతా వివరించాడు.

"కరెంటు తీసినాక చెత్త మిగులుద్దంటన్నా. వేల ఏండ్లయినా దాని విషం చావదంట. సరుకు అమ్మినోళ్లే ఎత్తుకపోవాలని మన అరబ్బోళ్లు, కొన్నోళ్లే పెట్టుకోవాలని వాళ్లు. అదీ పంచాయితీ."

"బూడిద కాడ కొట్లాడుకుంటా పొయ్యి ఎప్పుడు ముట్టిస్తారబ్బా?" అన్నాడు హిదాయతుల్లా.

అతని దిగులు వేరే. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. మనుషులు పొగలో నిలబడ్డట్టు కనిపిస్తున్నారు. ఇంకో రెండు నెలల్లో వీసా రెన్యువల్. అదేమో ముదీర్, అంటే అతిథిగృహం మేనేజరు, చేతిలో ఉంది.

"ముదీర్‌కి చెప్పేయన్నా. ఆయనేమన్నా రాక్షసుడా?"

"చెప్తే ఖలాస్. కండ్లు కనపడనోడి చేతికి దల్లా ఎవురిస్తారు? నన్ను ఇమానం ఎక్కిస్తారు!"

అందుకే నోరు మెదపకుండా, కప్పులో గహ్వా పడే చప్పుడును బట్టి పోస్తున్నాడు. మూడు నెలలుగా ఒక్క కప్పూ తప్పలేదు. తన చెవుల మీద తనకే ముచ్చటేసేది. ఒక్కటే ఇబ్బంది. అతిథిగృహం ముదీర్ రాషిద్ మర్యాద కోసం వరస వెంబడి పక్కనే నడిచేవాడు, ఆయనకేమో పాడు దగ్గు. సరిగ్గా పోసే వేళకే ఖళ్లున దగ్గేవాడు. పెద్దవాళ్లు దగ్గితే చెయ్యి ఆపడం మర్యాద కాబట్టి హిదాయతుల్లా ఆపేవాడు. పాపం అనిపించి రోజూ మిరియాల కషాయం కాచి ఇచ్చేవాడు. ఆయన మొహం చిట్లించుకుని తాగేవాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి చర్చ బిగుసుకుపోయింది. చెత్త గురించిన పేరా దగ్గర ఇరుపక్షాలూ కాగితాలు మూసేశాయి. గహ్వా తెమ్మన్నారు. అప్పుడే ఫోనొచ్చి ముదీర్ బయటికి వెళ్లాడు. హిదాయతుల్లా అతిథుల పెద్దకు పోశాడు. ఎందుకో ఆరోజు చప్పుడు అంతుపట్టలేదు. వేలికి వేడి తగిలేసరికి చెయ్యి ఆపాడు. కప్పు అంచులదాకా నిండింది.

ఆతిథ్యమిచ్చేవాళ్ల మొహాలు పాలిపోయాయి. అతిథుల పెద్ద ఒకప్పుడు ఈ దేశంలో పనిచేసినవాడే, ఆ నిండు కప్పుకు అర్థం తెలుసు. దానివంక చూసి పకపకా నవ్వాడు.

"మీ చెత్త మీరు తీసుకుని దయచేయండి అంటున్నాడు మీ మనిషి!" అన్నాడు వచ్చీరాని అరబీలో. గదంతా గొల్లుమంది. ఆయన కప్పు ఖాళీ చేసి, "తాగాను. కానీ వెళ్లను. ఆ పేరా ఇంకోసారి చదవండి," అన్నాడు.

ఆ సాయంత్రందాకా చదివారు. తగువు తెగిపోలేదు గానీ, చెత్తను ఎవరు తీసుకోవాలో ఇద్దరూ కలిసి తేల్చడానికి ఒక కమిటీ వేసుకున్నారు. గహ్వావాడి తెలివే తెలివని అందరూ మెచ్చుకున్నారు. ముదీర్ అతన్ని పక్కకు పిలిచాడు.

"కావాలనే నిండా పోశావా?"

అవునంటే సరిపోయేది. కానీ హిదాయతుల్లాకు ఆ మెప్పు తనది కాదని సిగ్గేసింది. "లేదు సాబ్. నాకు కళ్లు కనపడటం లేదు," అన్నాడు ఉర్దూలో. ఆ మాట అనేశాక ఏడుపొచ్చింది.

"తెలుసు," అన్నాడు ముదీర్. "మూడు నెలలుగా తెలుసు. లేకపోతే కప్పు మూడోవంతు నిండగానే నాకు దగ్గెక్కడిది?"

హిదాయతుల్లా కళ్లు చికిలించి ఆయన మొహంలోకి చూశాడు.

"నువ్వే చెప్తావని చూస్తున్నా. ఆపరేషన్ చేయించుకుని రా. దల్లా నీదే, వీసా సంగతి నేను చూసుకుంటా. ఆ కషాయం మాత్రం ఆపు, నా కడుపు మండిపోతోంది."

రెండు కళ్లూ బాగయ్యాక, చలికాలంలో అదే అతిథులు మళ్లీ వచ్చారు. హిదాయతుల్లా మొదటి కప్పులో పోస్తూ, అలవాటుగా దగ్గు కోసం ఆగాడు. వినబడలేదు. తలెత్తి చూశాడు. ముదీర్ పక్కనే నిలబడి, చేత్తో నోరు మూసుకుని నవ్వుతున్నాడు. ఆయన మొహం మీద అన్ని ముడతలున్నాయని హిదాయతుల్లాకు ఆరోజే తెలిసింది.