కాపీ బాబాయ్ తప్పు జవాబు

ఇంటర్నెట్‌లో ఉన్న మా ఫోరంలో ఎవరు ఏ గోడు వెళ్లబోసుకున్నా దాని కింద మొదట కనిపించేది ఒకటే మాట: "ముందు కాపీ తీసుకున్నారా?" అంటే కంప్యూటర్‌లో ఉన్నవన్నీ ఇంకో చోట కూడా దాచుకున్నారా అని. ప్రింటర్ పలకడం లేదని ఒకరు వస్తారు. కొత్త వెర్షన్ ఎక్కించాక తెర నల్లగా ఉండిపోయిందని ఇంకొకరు వస్తారు. స్పీకర్ మూగబోయిందని రెండు రోజులు మా అందరి తలా తిని, చివరికి వైరు పెట్టడం మరిచిపోయానని ఒప్పుకున్న మహానుభావుడు కూడా ఉన్నాడు. అందరికీ అదే ప్రశ్న. స్పీకర్ వైరుకూ కాపీకీ ఏమిటండీ సంబంధం అని ఆ మహానుభావుడు ఒంటికాలి మీద లేచాడు. ఆ ప్రశ్న ఎప్పుడూ వేసేది ఒక్కరే, ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "సంబంధం లేకపోతే మంచిదే. అయినా తీసుకుని ఉంచండి" అని రాశాడు. అలా ఆయనకు కాపీ బాబాయ్ అని పేరు పడింది.

నాకూ ఒక పేరుంది, తాళాల అత్తయ్య. కంప్యూటర్లలో విండోస్ బదులు లైనక్స్ వాడేవాళ్లం ఒకరి చిక్కులు ఒకరం విప్పుకోవడానికి పెట్టుకున్న ఆ ఫోరాన్ని పన్నెండేళ్లుగా నడుపుతున్నది నేనే. చర్చ దారి తప్పినా, ఇద్దరు జుట్టూ జుట్టూ పట్టుకున్నా, సమస్య తీరిపోయినా ఆ చర్చకు తాళం వేస్తాను. తాళం పడ్డాక చదువుకోవచ్చు గానీ కింద ఒక్క ముక్క కూడా రాయడానికి వీలుండదు. నలభై ఏళ్లకే అందరికీ అత్తయ్యనెలా అయ్యానో నాకు తెలియదు గానీ, ముక్కు మీద కోపం ఉన్నమాట మాత్రం నిజం. పగలంతా నీటి సరఫరా ఆఫీసులో పంపుల కంప్యూటర్లతో వేగి, మిగిలిన ఓపికతో పదిమంది ప్రింటర్ల కష్టాలు వినాలంటే ఎవరికైనా వస్తుంది.

కాపీ బాబాయ్ లైబ్రరీలో పుస్తకాలు బైండు చేస్తాడు. కింది అంతస్తులో, మెట్ల వెనక పొడవాటి గది ఆయనది. ఒక పక్క కాగితం కత్తిరించే మిషను, దాని చక్రం బిగిస్తే ఎంత లావు పుస్తకమైనా కదలకుండా నిలబడుతుంది. ఇంకో పక్క అట్టలు, దారపు ఉండలు, జిగురు డబ్బా, జిగురు ఆరేదాకా పుస్తకాల మీద పెట్టే ఇనుప దిమ్మలు. మధ్యలో బల్ల మీద ఒక ముసలి కంప్యూటర్. పై ఆఫీసులో ఎవరికీ పనికిరాక, పారేయడానికి మనసొప్పక, పుస్తకాల వెన్ను మీద అంటించే చీటీలు అచ్చు వేసుకోమని దాన్ని కిందికి దించారు. అది రోజూ మొరాయిస్తుంటే చదువుకోవడానికి వచ్చే ఒకాయన జాలిపడి లైనక్స్ ఎక్కించి వెళ్లాడు. అలా యాభయ్యో ఏట బాబాయ్ మా మధ్యకు వచ్చి పడ్డాడు. కంప్యూటర్‌తో పని చేయించడానికి టైపు చేసే కమాండ్లు, తాను నేర్చుకున్నవన్నీ పాత రిజిస్టర్ల మిగులు కాగితాల మీద రాసుకుని, కుట్టి, నీలం గుడ్డ అట్ట వేసి పెట్టుకున్నాడు. మూడేళ్లు తిరిగేసరికి మాలో సగం మందికి ఆయనే జవాబులు చెప్పసాగాడు.

ఒకసారి ఏదో పని ఉండి పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. పిన్ని తలుపు తీసింది.

"రా అమ్మా, కూర్చో. మీ బాబాయ్ తప్పులు ఒప్పుకుంటున్నాడు. అయ్యాక వస్తాడు."

వంటింటి పక్కన చిన్న బల్ల దగ్గర, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, రెండు వేళ్లతో టైపు చేస్తున్నాడు. పక్కన కాఫీ చల్లారిపోయి ఉంది.

"రోజూ ఇంతేనా పిన్నీ?"

"రోజూ ఇంతే. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది, నా దగ్గర ఒక్క తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. మొహం తెలియని వాళ్ల దగ్గర మాత్రం టిఫినుకు ముందే ఒప్పేసుకుంటాడు."

పిన్ని నవ్వులాటకే అంది గానీ, అది అక్షరాలా నిజం. తొమ్మిదేళ్ల కిందట ఆయన మా ఫోరంలో ఒక తప్పు జవాబు ఇచ్చాడు. దాన్ని ఎవరో ఎత్తుకెళ్లి ఇంకో చోట అంటించారు. అక్కడి నుంచి మరొకరు, ఆ మరొకరి నుంచి ఇంకొకరు. ఇప్పటికీ ప్రతి ఉదయం ఆయన ఆ జవాబునే వెతుకుతాడు. ఎక్కడ కనిపిస్తే అక్కడ దాని కింద, "ఇది రాసింది నేనే. ఇది తప్పు. ఇలా చేయకండి" అని రాసి, ఎందుకు తప్పో ఓపిగ్గా వివరిస్తాడు. ఆ చోట్లన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటాడు. నేను వెళ్లిన రోజుకు నలభై మూడు ఉన్నాయి. అసలు మొదటి చోట, మా ఫోరంలో మాత్రం రాయలేకపోయాడు. దానికి నా తాళం ఉంది.

ఆ తప్పు అర్థం కావడానికి లైనక్స్ గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. విడి డిస్కును కంప్యూటర్‌కు తగిలిస్తే అది లోపల ఒక మామూలు ఫోల్డరులాగే కనిపిస్తుంది. మన అలమారా తలుపు తెరిస్తే వెనక ఇంకో గది ఉన్నట్టన్నమాట. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు.

మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలకు మాట నేర్పే టీచరమ్మ ఒకావిడ ఆ రోజు మా ఫోరంలో అడిగింది. డిస్కు నిండిపోయిందట, ఏదీ సేవ్ కావడం లేదట. ఫలానా తాత్కాలిక ఫోల్డరు చాలా పెద్దదిగా చూపిస్తోంది, తీసేయవచ్చా అంది. బాబాయ్ రెండు నిమిషాల్లో జవాబిచ్చాడు. "ఏం పర్వాలేదు, అదంతా చెత్తే. ఈ కమాండ్ కొట్టండి, మొత్తం పోతుంది."

ఆవిడ కొట్టింది. మొత్తం పోయింది. కంప్యూటర్ సర్దిపెట్టిన వాళ్లెవరో విడి డిస్కును సరిగ్గా ఆ ఫోల్డరు లోపలే తగిలించి వెళ్లారు. ఆరేళ్లుగా పిల్లల మాటలన్నీ ఆవిడ ఆ డిస్కులోనే రికార్డు చేసి దాచుకుంది. ఏ పిల్ల ఏ రోజున మొదటిసారి అమ్మా అంది, ఏ పిల్లాడి నోట ఒక మాట పూర్తిగా రావడానికి ఎన్ని నెలలు పట్టింది, అన్నీ అందులోనే ఉన్నాయి. మర్నాడు ఆవిడ రెండే వాక్యాలు రాసింది. "డిస్కులో చోటు వచ్చింది కానీ పిల్లల రికార్డింగులన్నీ పోయాయి. వెంటనే జవాబు ఇచ్చినందుకు ధన్యవాదాలు." ఆ తర్వాత ఆవిడ మా ఫోరం గడప తొక్కలేదు.

కారణం ఏమిటో బాబాయ్‌కి వారం తర్వాత తెలిసింది, ఇంకొకరికి అదే ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పినప్పుడు. అప్పటికే చర్చకు తాళం పడింది. తెరవమని నన్ను అడిగాడు. పాత చర్చలు తెరవకూడదన్నది మా నియమం. ఆ నియమం పెట్టింది నేనే కాబట్టి తెరవనన్నాను. అప్పటి నుంచి ఏడాదికోసారి అడిగేవాడు, ఏడాదికోసారి కాదనేదాన్ని. ఆవిడ మా దగ్గర ఒక మారుపేరుతో రాసింది, ఊరూ పేరూ ఎవరికీ తెలియదు. బాబాయ్ ఆవిడకు ఒక్క మాట చెప్పాలంటే ఆ చర్చ ఒక్కటే దారి.

ఈ ఏడాది ఫోరాన్ని కొత్త సర్వర్‌లోకి మారుస్తున్నాం. నెలాఖరు దాటాక పాత చర్చలు ఉన్నవి ఉన్నట్టు ఉండిపోతాయి. ఆపైన నేను తలుచుకున్నా ఒక్క అక్షరం చేర్చలేను. నెలకో ఆదివారం ఫోరంలోని మేమంతా బైండింగ్ గదిలోనే కలుస్తుంటాం. ఈ నెల కలిసినప్పుడు ఈ సంగతి చెప్పాను. అందరూ వెళ్లిపోతుంటే బాబాయ్ నన్ను ఆగమన్నాడు.

"అమ్మాయ్, అడగడం ఇదే ఆఖరు. ఒక్క గంట తెరువు, చాలు."

"తెరవడం దేనికి బాబాయ్? మొత్తం చర్చనే తీసి పారేస్తాను. పీడా పోతుంది, మీ పేరూ మిగలదు."

ఆయనకు ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

"ఇక్కడ తీసేస్తే ఇక్కడే కదా పోయేది. మిగతా చోట్ల ఉండనే ఉంది. ఇది ఎవరు చెప్పారో చూద్దామని వెతుక్కుంటూ వచ్చినవాడికి ఇక్కడేమీ కనపడకపోతే, బాగానే ఉంది కాబోలనుకుని కొట్టేస్తాడు. తప్పు ఉండాలి. దాని కిందే తప్పు అని కూడా ఉండాలి."

"తొమ్మిదేళ్లయింది. మీరు తప్ప ఎవరూ గుర్తు పెట్టుకోలేదు."

"ఆవిడ పెట్టుకోలేదంటావా?"

ఆయన బల్ల మీది కాగితపు పీలికలు ఏరి బుట్టలో వేస్తూ మాట్లాడాడు.

"ఆ రోజు తెలిసి రాయలేదమ్మాయ్. ఇంకెవరో రాసేలోపు రాయాలని రాశాను. అందులో ఇంకేమైనా తగిలించారా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే ఆవిడ చూసి చెప్పాలి, ఆలోపు వేరేవాళ్లు జవాబు పెట్టేస్తారు. అదీ నా బాధ. ఇక్కడ పుస్తకం కత్తి కింద పెట్టేముందు, అంచుదాకా అక్షరాలు ఉన్నాయేమోనని ప్రతి కాగితమూ తిప్పి చూస్తాను. అక్కడ అసలు చూడనే లేదు."

"చూస్తాను" అని లేచి వచ్చేశాను. నేను చూస్తానంటే చెయ్యనని అర్థమని ఆయనకూ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో, తీసేసి చేతులు దులుపుకుందామని ఆ చర్చను తెర మీదికి తెచ్చాను. పైన ప్రశ్న, కింద బాబాయ్ జవాబు, దాని కింద ఆవిడ రెండు వాక్యాలు. వాటి కింద ఇంకొకటి ఉందని పూర్తిగా మరిచిపోయాను. అది నాది. "కాపీ తీసుకోకుండా ఇలాంటి పనులు చేస్తే ఇంతే. కమాండ్ కొట్టేముందు ఏం కొడుతున్నారో చూసుకోవాలి. సమస్య తీరింది కాబట్టి తాళం వేస్తున్నాను."

బాబాయ్ జవాబు పక్కన, సరైన జవాబు అని ఆకుపచ్చ టిక్కు ఉంది. మా ఫోరంలో అది పెట్టగలిగేది నేనొక్కదాన్నే. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రోజు నేనూ అదే కమాండ్ టైపు చేస్తున్నాను. ఆయన ముందు పెట్టేశాడని చిరాకు పడి నాది చెరిపేశాను. నేనూ ఆవిడను ఏ ప్రశ్నా అడగాలనుకోలేదు. ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే తప్పు జవాబు నా పేరు మీదే ఉండేది. ఏ మనిషి తనకన్నా ముందు రాసేస్తుందోనని ఆయన తొందరపడ్డాడో ఆ మనిషిని నేనే.

చాలా సిగ్గేసింది. అందరినీ ఆయన ముందే అడిగే కాపీ మాట కూడా నా తిట్టులోంచి తీసుకున్నదే. అన్నీ పోగొట్టుకున్నావిడ మీద నేను పారేసుకున్న నోటిని, ఆయన ముందుగా వేసే ప్రశ్నగా మార్చుకున్నాడు. ఇన్నేళ్లూ మేమంతా ఆ మాటకు నవ్వుకున్నాం.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా లైబ్రరీకి వెళ్లి, ఆయన కంప్యూటర్ మీదే తాళం తీశాను. ఎందుకు మనసు మారిందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆరు వాక్యాలు రాయడానికి గంట పట్టింది ఆయనకు. రాయడం, చదువుకోవడం, ఒక మాట కొట్టేయడం. ఇంకెవరైనా అయితే నేను కుర్చీ లాగేసి నేనే రాసేదాన్ని. చివరికి ఆయన రాసింది ఇది: "ఈ జవాబు నాది. ఇది తప్పు. ఆ ఫోల్డరులో విడి డిస్కు తగిలించి ఉంటే అందులోవన్నీ పోతాయి. ఈ ప్రశ్న అడిగినావిడకు అలాగే పోయాయి. నేను ముందు అడగాల్సింది, అడగలేదు. క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు."

నేను టిక్కు తీసేశాను. నా మాట కూడా చేరుద్దామని కీబోర్డు మీద వేళ్లు పెట్టి, నీళ్లు నమిలి, ఊరుకున్నాను. ఆయన రాసింది కదా, చాలులే అనుకున్నాను. తాళం మాత్రం మళ్లీ వేయలేదు.

చర్చ కింద ఎవరేం రాసినా, ప్రశ్న అడిగినవాళ్లకు దానంతటదే మెయిలు వెళ్తుంది. పన్నెండేళ్లు నడిపినదాన్ని, ఆ సంగతే నాకు తట్టలేదు. మూడో రోజు బాబాయ్ ఫోను చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి జిగురు పూసిన పుస్తకం ఒకటి దిమ్మ పెట్టకుండానే బల్ల మీద వదిలేసి ఉంది. ఆయన తెర వైపు చూపించాడు.

"మీ మెయిలు చూసి వచ్చాను" అని రాసింది ఆవిడ. "మీరు రాసింది చాలాసార్లు చదివాను. ఇన్నేళ్లూ ఆ కమాండ్‌లో నేనే ఏదో తప్పు కొట్టాననుకున్నాను. ఏం కొడుతున్నారో చూసుకోవాలని ఇక్కడ అన్నారు కదా. పిల్లల తల్లిదండ్రులందరికీ నా అజాగ్రత్త వల్లే పోయాయని చెప్పుకున్నాను. ఆ తర్వాత రికార్డు చేయడం మానేశాను, నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఒక్కటి చెప్పండి. నిజంగా నేను సరిగ్గానే కొట్టానా?"

బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నన్ను తిట్టుకుంటూ ఉంటుందనుకున్నానమ్మాయ్. తిట్టుకుని ఉంటే ఎంత బాగుండేది."

కీబోర్డు తన వైపు లాక్కోబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇది నేను రాయాలి బాబాయ్. చూసుకోవాలని అన్నది నేను."

ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు. నాకు అంత కష్టంగా ఎప్పుడూ మాటలు రాలేదు. ఆయనలాగే రాసి, చదువుకుని, కొట్టేసి, మళ్లీ రాశాను. "మీరు సరిగ్గానే కొట్టారు. మేం చెప్పింది చెప్పినట్టే కొట్టారు. ఆ జవాబు నేనూ ఇవ్వబోయాను, అది సరైనదని టిక్కు పెట్టింది కూడా నేనే. తప్పు మాది. దాన్ని మీ మీదికి నెట్టింది నేను."

ఇంకా ఏదో రాయాలనిపించి ఆగి, బాబాయ్‌కి చూపించాను. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాడు.

"ఇంకేమీ కలపకు. పంపు" అన్నాడు.