నీలి గాజులో నాలుగో గుర్రం

అమెరికాలో మా ఊరి పక్క ఐసెలిన్‌లో, పూజాసామాను కొట్లో కుంకుమ పొట్లం విప్పగానే నాకు గుర్తొచ్చేది దేవుడి గది కాదు, ఒక మ్యూజియం సమావేశం. ఆ రోజు సుభద్రగారు కాగితం మీద కుంకుమతో గీత గీసి, గుడ్డతో తుడిచేశారు. ఉందా లేదా అన్నంత మసకగా మిగిలింది. దాని మీద నీలి గాజు పలక పట్టారు. గీత నల్లగా తేలింది. ఆ గాజునే ఒక బొమ్మ స్కాన్ మీదికి జరిపారు. ఖాళీ అనుకున్న చోట ఒక గుర్రం చెవి, మెడ పైకి వచ్చాయి. డైరెక్టర్ లేచి నిలబడి, "ఓకే సుభద్రా, యూ విన్," అన్నాడు.

అప్పటికి నేను హైదరాబాద్‌లో దినపత్రిక డెస్కు వదిలేసి, అమెరికా వచ్చి, ఇక్కడి ఆ మ్యూజియానికి ప్రెస్ నోట్లు రాస్తున్నాను. ఆవిడ పాత ఫొటోల విభాగం చూసేవారు. ఇటలీలో ఒక భవనం గోడల మీద గ్రీకు దేవతల కథలు చిత్రించడానికి, కొన్ని వందల ఏళ్ల కిందట ఒక చిత్రకారుడు కాగితాల మీద నమూనాలు గీసుకున్నాడు. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో వాటికి తీసిన ఫొటోలు ఆవిడ దగ్గర ఒక పెట్టెలో ఉండేవి. నమూనాలకు కలర్ స్కాన్‌లు వచ్చాయి కనుక ఆ పెట్టెను వదిలించుకోవాలని కమిటీ అనుకుంది. నేనూ 'వెలిసిపోయిన ఫొటోలు' అని నోట్ రాసేశాను.

"ఏవయ్యా, ఫొటోలు చూశావా?" అన్నారావిడ.

"చూశానండీ."

"సూర్యుడి రథానికి గుర్రాలెన్ని?"

"ఏడు కదండీ."

"అది మన సూర్యుడికి. ఈయనకెన్నో చూసి చెప్పు."

ఫొటోలో నాలుగు. స్కాన్‌లో మూడే.

నాలుగోదాన్ని ఫొటోగ్రాఫరే కుంచెతో చేర్చాడని కమిటీ తేల్చింది. ఆవిడ ఒప్పుకోలేదు. ఆనాటి ఫొటో పలకలు నీలి వెలుగునే పట్టుకునేవి, ఎరుపు వాటికి నలుపే; నీలి గాజులోంచి చూస్తే మనకూ అంతే. ఎర్ర సుద్దతో వేసిన గుర్రం మన కంటికి చెరిగిపోతున్న రోజుల్లోనే, పలక దాన్ని నిండుగా దాచిపెట్టింది. ఈ మాట మెయిల్స్‌లో రాస్తే ఎవరూ చదవలేదు. సమావేశానికి వెళ్తూ కారులో హ్యాండ్‌బ్యాగ్ తడిమి కుంకుమ భరిణె తీశారు.

"మా అత్తగారిచ్చారు. పెట్టుకోవట్లేదని ఎన్ని మాటలన్నారో! ఇవాళ వాడేస్తున్నా."

పెట్టె మ్యూజియంలోనే ఉంది, ఇప్పుడు గ్యాలరీలో అద్దం వెనక. రిటైరయ్యేటప్పుడు ఆవిడ ఆ నీలి పలకను నాకిచ్చారు. ఏ నోట్ రాసినా, చూసింది ఎంత, అనుకున్నది ఎంత అని దాన్ని ముందు పెట్టుకునే నన్ను నేను అడుగుతాను.

ఆ గోడ మీద నాలుగో గుర్రాన్ని నిజంగా చిత్రించారో లేదో మాత్రం తెలియదు. అక్కడి సున్నపు పూత ఎప్పుడో రాలిపోయింది.