పదహారు ఎర్ర కుట్లు

‘తల్లి అజాగ్రత్త.’ పాప ఫైలులో పెద్ద డాక్టరు రాసిన రెండు మాటలివి. రాసి ఊరుకోలేదు, వార్డులో పదిమంది ముందూ పైకి చదివాడు.

“కఫంలో రక్తం ఊరికే రాదమ్మా. చేతికొచ్చినట్టు కెలికుంటావు.”

ఆ తల్లి పాపని చంకనేసుకుని, తలొంచుకుని మెట్లు దిగింది. తలైతే వంచింది గానీ ఆ మాట మింగలేదు. బుగ్గన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఆమె బట్టలు కుట్టే మనిషి. మేడ మీద ఒంటిగది. కిటికీ కింద మిషను, పక్కన పాప మంచం, మంచం కింద కఫం లాగే యంత్రం. పాపకి నెల తిరక్కుండానే గొంతుకి చిల్లు పెట్టి, ఊపిరాడ్డానికి చిన్న గొట్టం అమర్చారు. ఇప్పుడు నాలుగేళ్ళు. మాట పలకదు, ఊపిరి తీస్తే సన్నగా ఈల. అందుకే ఇంట్లో అందరికీ పిచ్చుక.

ఆ గొట్టంలోకి సన్న పైపు దింపి కఫం లాగాలి. గొట్టం పొడవెంతో అంతే దింపాలి, దాటితే లోపల పుండవుతుంది. టేపు పట్టి బతికే చెయ్యి ఆమెది. పైపు మీద పెట్టిన గుర్తు ఒక్కనాడూ దాటలేదు. మరి రక్తం ఎక్కణ్ణించి?

మర్నాడు పొద్దున్నే కోటు లైనింగులో మిగిలిన నల్లగుడ్డ తీసింది. రోజుకో కుట్టు, నెలకో వరస. కఫం తేటగా ఉంటే తెల్లదారం, చిక్కబడితే పసుపు, చీము పడితే ఆకుపచ్చ, రక్తం కనబడితే ఎరుపు. ఆస్పత్రికి వెళ్ళిన రోజున కుట్టు పక్కనే ఒక చొక్కా గుండీ.

“కఫానికి అల్లికలేంటే, చోద్యం కాకపోతే?” అంది అత్త.

“ఒకడి నోరు కుట్టాలత్తయ్యా.”

“అయితే కుట్టు. సూదిలో దారమెక్కించే కళ్ళు నాకు లేవు గానీ, పిచ్చుకని నేను పట్టుకుంటాలే.”

అయిదు నెలల్లో ఎర్ర కుట్లు పదహారయ్యాయి. ఒకసారి వార్డు నర్సు యథాలాపంగా అంది: “ఆర్నెల్లకోసారి కెమెరా దింపి ఊపిరి దారి చూస్తారుగా. మీ పాపకీ పోయిన నెల పదకొండున చూశారు. బాగుందని రాసుంది.”

ఇంటికొచ్చి గుడ్డ పరిచింది. పదకొండున ఆకుపచ్చ కుట్టుంది. గుండీ లేదు. ఆ రోజు పిచ్చుక జ్వరంతో ఇదే మంచం మీద ఉంది.

అరవలేదు. పై అధికారి తనిఖీకి వచ్చే రోజు దాకా కాచుకుని కూర్చుంది. ఆ రోజు, పెద్ద డాక్టరు పక్కనే ఉండగా, ఆ అధికారిణి ముందు బల్ల మీద గుడ్డ పరిచింది.

డాక్టరు నవ్వాడు. “గుడ్డముక్క సాక్ష్యమా మేడమ్?”

“గుడ్డని నమ్మొద్దులెండి సార్. పదకొండున పాపకి కెమెరా దింపి చూశామని రాశారుగా, ఆ రోజు మీ గేటు పుస్తకంలో మేమొచ్చినట్టుందేమో చూపించండి.”

పుస్తకం వచ్చింది. అందులో వాళ్ళు లేరు. అధికారిణి అప్పటికప్పుడు వేరే డాక్టరు చేత కెమెరా దింపించింది. గొట్టం కొన ఒరుసుకుని, లోపల పచ్చికండ పెరిగి సగం దారి మూసేసింది. ఇంకో నెల ఆగితే ఈల కూడా వినపడేది కాదు.

“పని ఒత్తిడిలో పొరపాటు... పోనీలేమ్మా, ఇప్పుడు తెలిసిందిగా. తీసేస్తాం” అన్నాడు పెద్ద డాక్టరు.

“పోనివ్వను సార్. ఆ రెండు మాటలూ మీ చేత్తోనే కొట్టెయ్యండి. కొట్టేసి, పాప ఊపిరి దారి చూడలేదని రాయండి. ఆనాడు పైకి చదివారుగా, ఇవాళా చదవండి.”

చదివాడు. గొంతు పిచ్చుక ఈల కన్నా సన్నగా వచ్చింది.

“కాస్త గట్టిగా సార్. వెనకవాళ్ళకి వినబళ్ళేదు.”

పాపకి ఆ కండ తీసేశారు. రక్తం ఆగింది. ఆమె మాత్రం ఆగలేదు. నల్లగుడ్డ చంకన పెట్టుకుని, గొట్టంతో ఉన్న మిగతా పిల్లల ఇళ్ళు తిరిగింది. ఏడుగురి ఫైళ్ళలో అదే పదకొండో తేదీ, అదే ‘బాగుంది’. ఏడుగురు తల్లులూ సంతకాలు పెట్టారు. విచారణ మొదలైంది. పెద్ద డాక్టరు సెలవు పెట్టాడు. “తిరిగొస్తాడుగా, అప్పటికి ఇంకో గుడ్డ సిద్ధంగా ఉంటుంది” అంటోంది ఆమె.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో గొంతులో గొట్టంతో బతికే బిడ్డ ఉంటే, ఈ వారమే ఆ ఫైలు తెరిపించండి. కెమెరా దింపి చూసిందెప్పుడో అడగండి. తేదీ చెబితే, ఆ రోజు బిడ్డ ఎక్కడుందో గుర్తు తెచ్చుకోండి. కఫం రంగు రోజూ రాసిపెట్టండి, ఎరుపు కనబడితే ఆలస్యం చెయ్యకండి. ఆ బిడ్డ తల్లి ఆస్పత్రికి ఒంటరిగా వెళ్తుంటే, మీరూ చెప్పులేసుకుని వెంట నడవండి.