గొంతు నాది, మాట నాది కాదు

మా మేనత్త పంతొమ్మిదేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుంది. ఆమె మొహం తెలియనివాళ్లకు కూడా గొంతు తెలుసు. దుకాణంలో "సబ్బు ఒకటివ్వండి" అంటే చాలు, పక్కనున్నవాళ్లు తల తిప్పి, "మీరు బస్టాండు అమ్మగారు కదూ!" అనేవారు. ఇంట్లోనూ అదే ధోరణి. "అన్నం ఇంకో అయిదు నిమిషాల్లో వస్తుంది" అని అత్త కేకేస్తే, "ఎన్నో ప్లాట్‌ఫారం మీదికే?" అని మావయ్య అడిగేవాడు.

మైకులో ఆమె నంబరు చెప్పి ఊరుకునేది కాదు. తొమ్మిదో ప్లాట్‌ఫారం అంటే మంచినీళ్ల కుళాయి పక్కది, రెండోది అంటే చెప్పులు కుట్టే ఆయన ఎదురుగా ఉన్నది. అక్షరాలు రానివాళ్లు, కళ్లజోడు మరిచి వచ్చినవాళ్లు ఎవరినీ అడగనక్కర్లేకుండా వెళ్లి బస్సెక్కేవారు.

మూడేళ్ల కిందట ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టి, నాలుగు రోజులపాటు అంకెలు, ఊళ్ల పేర్లు, "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" లాంటి ముక్కలు చదివించి రికార్డు చేసుకున్నారు. తను సెలవు పెట్టినప్పుడు పనికొస్తాయనుకుంది అత్త. నెల తిరిగేసరికి మైకు గదికి తాళం పడింది. ఆ ముక్కలను అతికించి మెషిన్ మాట్లాడటం మొదలుపెట్టింది. అత్తను విచారణ కిటికీకి మార్చారు. "నాకొక కవల పుట్టిందే. సెలవడగదు, టీ అడగదు" అని నవ్వేది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు.

మొన్నామధ్య ఒక సోమవారం ఆరో ప్లాట్‌ఫారం కింద పైపు పగిలింది. అక్కడి నుంచి వెళ్లే బస్సులను తొమ్మిదో ప్లాట్‌ఫారానికి మార్చారు. ఆ సంగతి మెషిన్‌కు ఎవరూ చెప్పలేదు. ఉదయం ఏడూ పది బస్సు కోసం నలభై మంది బురదలో ఆరు దగ్గర నిలబడి ఉండగా, బస్సు తొమ్మిది నుంచి వెళ్లిపోయింది. వాళ్లలో నర్సింగు పరీక్షకు వెళ్లాల్సిన అమ్మాయి ఉంది. ఎనిమిదింటికి అత్త డ్యూటీకి వచ్చేసరికి ఆ అమ్మాయి తల్లి కిటికీ దగ్గర కాచుకుని ఉంది. ఆమె అరవలేదు. "నీ గొంతు నమ్ముకుని నిలబడ్డామమ్మా" అని మాత్రం అంది. ఆ మాట అత్తకు అన్నం సహించనివ్వలేదు.

మధ్యాహ్నానికి ఊరి గ్రూపులో గొడవ ముదిరింది. అందులో పద్నాలుగు వేల మంది ఉన్నారు. మెషిన్ కొన్నది పాత పాలకవర్గం కాబట్టి వాళ్లనే నిలదీయాలని కొందరు. బంగారంలాంటి మెషిన్‌ను పట్టించుకోక పాడుచేసింది ఇప్పటివాళ్లని ఇంకొందరు. మెషిన్‌లో లోపం లేదు, దానికి అందిన సమాచారంలో లోపం ఉందని అమ్మిన కంపెనీ మనిషి. ఆ అమ్మాయికి పరీక్ష మళ్లీ పెడతారా అని ఒక్కరూ అడగలేదు.

అప్పుడు దిగారు అసలు మాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఏది రాసినా "అసలు" అనే మొదలుపెడతారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అందరూ ఎడమంటే ఆయన కుడి, అందరూ కుడికి వస్తే ఆయన అక్కడ ఉండరు. "అసలు మీరంతా పొరబడుతున్నారు. యంత్రం అబద్ధమాడదు, నేర్పింది చెబుతుంది. నేర్పింది ఎవరు? ఆ గొంతు ఎవరిది?" అని రాశారు. నాలుగు వందల చప్పట్ల బొమ్మలు పడ్డాయి. పొద్దుటి నుంచి ఒకరినొకరు ఆడిపోసుకుంటున్న రెండు పక్షాలూ అత్త విషయంలో మాత్రం ఏకమయ్యాయి.

"ఏడూ పదికి నేను ఇంట్లో పళ్లు తోముకుంటున్నాను కదే!" అంది అత్త, ఫోను నా చేతికిస్తూ.

బుధవారం డిపో మేనేజరు పిలిపించారు. అత్త నన్ను తోడు రమ్మంది. బల్ల మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. తన ఉచ్చారణ లోపమే సోమవారం నాటి గందరగోళానికి కారణమని అత్త ఒప్పుకుంటున్నట్టుగా.

"సంతకం పెట్టేయండమ్మా. నాలుగు రోజులు గోల చేసి వాళ్లే మరిచిపోతారు. లేదంటే పైవాళ్లు సస్పెన్షన్ అంటున్నారు."

"నా ఉచ్చారణకేం వచ్చింది సార్? తొమ్మిదిని ఆరులా పలికానా?"

"అది కాదమ్మా. జనానికి ఎవరో ఒకరు కావాలి."

"ఎవరో ఒకరైతే మీరున్నారుగా."

మేనేజరు గారు సర్దే పని లేని ఫైలు సర్దారు. "మెషిన్‌లో ఉన్నది మీ గొంతే కదండీ?"

"గొంతు నాది. మాట నాది కాదు."

అప్పుడే బయట స్పీకర్లలో అత్త గొంతు మోగింది. పదకొండు గంటల బస్సు ఆరో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది.

"ఇంకా ఆరేనా?" అత్త లేచి నిలబడింది. "మూడో రోజు సార్ ఇది!"

"బాధ్యత ఎవరిదో తేలేదాకా దాన్నెవరూ ముట్టుకోవద్దని ఆర్డరు."

కిటికీలోంచి చూస్తే సంచులు, పిల్లలు, ముసలివాళ్లు ఆరు వైపు కదులుతున్నారు. మేనేజరు గారి వెనక మేకులకు తాళంచెవులు వేలాడుతున్నాయి. అత్త వెళ్లి వాటిలో ఒకటి తీసుకుంది. "అమ్మా, అమ్మా" అంటూ ఆయన కుర్చీలోంచి లేచేలోపు మేము వరండా దాటాం. మైకు గది తెరిచి, మెషిన్ వైరు పీకి, మైకు మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ప్రయాణికులకు మనవి. ఇప్పుడు విన్నది తప్పు. పదకొండు గంటల బస్సు తొమ్మిది మీద ఉంది, కుళాయి పక్కన. నిదానంగా వెళ్లండి, ముసలివాళ్లను తోసుకోకండి." గొంతు సవరించుకుంది. "సోమవారం మిమ్మల్ని ఆరు దగ్గర నిలబెట్టింది నేను కాదు. ఇదీ నేను."

జనం ఆగి, సంచులు ఎత్తుకుని వెనక్కి తిరిగారు. డ్యూటీ అయ్యేదాకా అత్త ఆ కుర్చీ వదలలేదు.

సాయంత్రం గ్రూపులో మాస్టారు: "అసలు అనుమతి లేకుండా వైరు పీకడం దేనికి సంకేతం? ఆమె వెనక ఎవరున్నారు?"

"నేనున్నానని రాయవే. కూరలు తరుగుతున్నానని కూడా రాయి" అన్నాడు మావయ్య.

మర్నాడు సస్పెన్షన్ కాగితం వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. అత్త నా ఎదుట తెల్లకాగితం పెట్టింది. నేను వీలైనంత మర్యాదగా మొదలుపెట్టాను: "ప్రయాణికుల సౌకర్యార్థం మైకును వినియోగించడం జరిగినది..."

"జరగడమేంటే? దానంతటది జరిగిందా? కొట్టెయ్. తాళం నేను తీశాను. వైరు నేను పీకాను. మైకులో నేను మాట్లాడాను. అది మళ్లీ తప్పు చెబితే మళ్లీ పీకుతాను. రాశావా?"

"చివరిది అవసరమా అత్తా?"

"అదొక్కటీ కాస్త పెద్ద అక్షరాలతో రాయి" అంది.