ఓడరేవు కథ చెప్పే మనిషి

మా ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి శ్మశానంలో విస్తరి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే వాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని మా సిద్దిపేటలో నమ్మకం. ఎండ నడినెత్తికి వచ్చింది. వేపచెట్టు మీద కాకులున్నాయి గానీ ఒక్కటీ కిందికి దిగలేదు.

నాకు నిలబడే ఓపిక లేదు. దవాఖానలో ఆయన మంచం పక్కన కూర్చుని కూర్చుని నడుము పోయింది. ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది. కానీ పిట్ట ముట్టకుండా ఎట్లా పోను? బతికినన్నాళ్ళు ఫలానాది కావాలని నోరు తెరిచి అడగని మనిషి. పోయాక కూడా కోరికతో ఉంచానన్న బాధ నేను మోయలేను.

మరిది మటన్ ముక్కలు ముందుకు జరిపాడు. కల్లు సీసా మూత తీశాడు.

"అన్నా, వదినె మంచిచెడ్డ మేం చూస్కుంటం, ముట్టు" అని దండం పెట్టాడు.

కాకులు కదల్లేదు. ఆడబిడ్డ నా వైపు తిరిగింది.

"వదినె, అన్నకు ఏమిష్టమో నీకే ఎరుక. నువ్వే చెప్పు."

తిండి మీద ఆయనకు యావ ఎక్కడిది? విశాఖ నేవల్ బేస్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరై వచ్చినప్పటి నుంచి ఒక్కటే పిచ్చి, ఆ ఓడరేవు ఎట్లా పుట్టిందో చెప్పడం. మాదేమో సముద్రం మొహం ఎరగని ఊరు. ఆయన గొంతు సవరించుకుంటే చాయ్ హోటల్లో బెంచీ ఖాళీ అయ్యేది. "అన్న ఓడెక్కిండు, ఇగ దిగడు" అంటూ ఈ మరిదే బండి స్టార్ట్ చేసేవాడు. మర్కూక్ దగ్గర రిజర్వాయరు చూపిద్దామని తీసుకుపోతే, "నీళ్ళు మస్తున్నయి గని, గీడ ఓడ యాడ ఆగుతది?" అని కట్ట మీదే మొదలుపెట్టాడు. చివరికి వినడానికి నేనే మిగిలేదాన్ని. కూరగాయలు తరుగుతూ ఊఁ కొట్టేదాన్ని. విసుగొచ్చేది, ఎందుకు రాదు?

విస్తరి ముందు కూలబడ్డాను.

"ఇగ విను" అన్నాను ఆయనతో. "గాడ మొదలు అంత బురదనే. గాలికి అడ్డం కొండ ఉండె గని, ఓడ లోపటికి వచ్చెటందుకు తొవ్వ లేకుండె. యంత్రాలు పెట్టి తోడిన్రు. తోడినకొద్ది సముద్రం ఇసుక తెచ్చి పోస్తుండె."

ఆడబిడ్డ కొంగుతో మూతి మూసుకుంది. మరిది తల దించుకున్నాడు.

"అప్పుడు రెండు పాత ఓడలు తెచ్చి, రాళ్ళు నింపి, కొండ పక్కకు ముంచిన్రు. ఇసుకకు అడ్డం. గట్ల నిలవడ్డది రేవు. అటెన్క యుద్ధమొచ్చింది, నేవీ వచ్చింది..."

కాకి దిగింది. ముద్ద ముట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"ముట్టింది వదినె, లే ఇగ. ఎండ కొడ్తుంది" అని మరిది చెయ్యి అందించాడు.

నేను లేవలేదు. ఊళ్ళు ఖాళీ చేయించి బేస్ పెంచింది ఇంకా చెప్పాలి.

"ఆగు" అన్నాను. "మీ అన్న ఇంకా నౌకరీల చేరనే లేదు."